ఎనిమిదింబావు పెద్దమనిషి

మా తోడల్లుడుగారికి ఏడాదికి రెండే పండగలు. ఒకటి సంక్రాంతి, అదీ అరిసెల కోసం. రెండోది ఆగస్టులో టెక్సస్ ప్రభుత్వం బట్టల మీదా బడి సామాను మీదా అమ్మకపు పన్ను ఎత్తేసే మూడు రోజులు. ఇక్కడ ఈ ఆనవాయితీ 1999లో మొదలైంది. వైటూకే పుణ్యమా అని ఆయన డాలస్‌లో దిగిందీ ఆ ఏడాదే. అది కాకతాళీయమంటే ఒప్పుకోరు.

"తమ్ముడూ, మామూలు రోజుల్లో రాష్ట్రానికి ఆరుంబావు, ఊరికి రెండు. వెరసి ఎనిమిదింబావు శాతం! ఊరికే ఎందుకు పోగొట్టుకోవాలి?" ఈ మాట జులై మొదటి వారం నుంచే వినపడుతుంది.

విష్ణుసహస్రనామం నాలుగో శ్లోకం దగ్గరే తడబడే మనిషి, పన్ను జాబితా మాత్రం గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతారు. వంద డాలర్లలోపు బట్టలకీ చెప్పులకీ లేదు. కౌబాయ్ బూట్లకి లేదు, ఫుట్‌బాల్ క్లీట్లకి ఉంది. క్రేయాన్లకి లేదు, కంప్యూటర్‌కి ఉంది. గొడుగుకి, వాచీకి, పర్సుకి ఉంది. వీపుకి తగిలించుకునేదైతే చక్రాలున్న బ్యాక్‌ప్యాక్‌కి కూడా లేదు, చక్రాలున్న సూట్‌కేసుకి మాత్రం ఉంది. ఈ చివరి అన్యాయం గురించి గవర్నర్‌కి ఉత్తరం రాద్దామని మూడేళ్లుగా అంటున్నారు. ఆ ఉత్తరం నన్నే రాయమంటున్నారు.

2025లో మా వదినకి నిజమైన కష్టమొచ్చింది. ఆగస్టు 8 శుక్రవారం వరలక్ష్మీ వ్రతం. పన్ను సెలవు మొదలయ్యిందీ ఆ రోజే. కొత్తచీర ముందుగానే కొందామంటే ఈయన పడనిస్తేనా! "గురువారం కొంటే పన్ను, శుక్రవారం కొంటే సున్నా. అమ్మవారికి తెలీదంటావా?" అన్నారు. కొట్టు తీసేది పదకొండింటికి. దాంతో వ్రతం మధ్యాహ్నానికి జరిగింది. తాంబూలానికి పిలిచిన ముత్తైదువలు, ఆఫీసుకి ఒంటిపూట సెలవు పెట్టి మరీ వచ్చినవాళ్లు, సోఫాలో కూర్చుని పులిహోర వాసన పీలుస్తూ ఎదురు చూశారు.

కొట్లో వదినకి నూటనలభై డాలర్ల పట్టుచీర నచ్చింది. ఈయన ముఖం మాడింది. వంద దాటితే ఆ దాటిన నలభైకే కాదు, మొత్తానికీ పన్ను పడుతుంది. ఫోను తీసి లెక్కకట్టి చూపించారు: పదకొండు డాలర్ల యాభై అయిదు సెంట్లు. పక్కనున్న తొంభై తొమ్మిది డాలర్ల చీర అంచు రెండు వేళ్లతో పైకెత్తి, "ఇది కూడా లక్షణంగా ఉందే" అన్నారు. వదిన ఆ అంచు వంకైనా చూడలేదు. తన కార్డు తీసి కౌంటర్ మీద పెట్టింది. ఆ రోజు ఆయన వ్రతకథ ఎంత శ్రద్ధగా విన్నారో గానీ, అక్షింతలు వేస్తూ పెదవులు కదిపింది మాత్రం మంత్రానికి కాదని నా అనుమానం.

మర్నాడు నన్ను తీసుకుని అర్వింగ్ నుంచి ఆలెన్‌లో ఔట్‌లెట్ మాల్‌కి బయల్దేరారు. పోను రాను టోలు. టోలుకి సెలవు లేదు కదన్నయ్యా అంటే వినపడనట్టు రేడియో పెంచారు. నేను తీసుకున్న బూట్లు నూటనాలుగు డాలర్లు. కౌంటర్ దగ్గర ఆయన నా చేతిలోంచి డబ్బా లాక్కుని, "ఆగు తమ్ముడూ! కొట్టువాడి పది శాతం కూపన్ ఉంది. అది తీసేస్తే తొంభై మూడున్నర చిల్లర. వందలోపు పడితే పన్నూ ఉండదు" అన్నారు. కూపన్ ఆయన ఈమెయిల్లో ఉంది. ఈమెయిలేమో తెరుచుకోదు. మా వెనక వరసలో ఒక చంటిపిల్ల ఏడవడం మొదలెట్టి, ఏడ్చి ఏడ్చి, నిద్రపోయి, మళ్లీ లేచింది. కూపన్ దొరికింది. ఆయన నా భుజం తట్టిన తీరు చూస్తే నాకేదో సివిల్స్‌లో ర్యాంకొచ్చిందనుకుంటారు. దమ్మిడీ ఆదాయం లేదు, క్షణం తీరుబడి లేదన్న సామెత ఈయన్ని చూసే పుట్టి ఉంటుంది.

అయినా తిట్టలేను. మా అమ్మాయి మొదటిసారి బడికెళ్లిన ఏడాది నాకు ఉద్యోగం లేదు. ఆ ఆగస్టులో చెప్పకుండా పెన్సిళ్ల దగ్గర్నుంచి జాకెట్ దాకా తెచ్చి మా గుమ్మంలో పెట్టి వెళ్లింది ఈయనే. రసీదు కూడా సంచీలో ఉంది, పన్ను గడిలో సున్నా చుట్టూ ఎర్ర పెన్నుతో గీసి.

ఆరెగాన్‌లో అసలు అమ్మకపు పన్నే లేదు. పోర్ట్‌లాండ్‌లో ఉన్న స్నేహితుణ్ణి తల్చుకుని ఈయన జాలిపడతారు: "పాపం, ఏ రోజు కొన్నా ఒకటే. బతుకులో పండగే లేదు."

ఇక నా సంగతి. ఆదివారం మధ్యాహ్నం, ఇంట్లో చెప్పకుండా, ఒక్కణ్ణే మళ్లీ వెళ్లాను. ఒకసారికి పది బ్యాక్‌ప్యాక్‌ల దాకా కాగితం గట్రా అడగరని తోడల్లుడుగారే చెప్పారు. తెనాలిలో మేనల్లుళ్లు, వాళ్ల దోస్తులు బడిపిల్లలే కదాని పదీ తీసుకున్నాను. ఇప్పుడవి మా గ్యారేజీలో ఉన్నాయి. ఇండియా వెళ్లేవాళ్లెవరైనా ఉంటే ఒక్క మాట చెప్పండి. ఖాళీవే, పెద్ద బరువేం ఉండవు.