మెర్లిన్ వాక్యానికి సమూల వ్యాఖ్య

అవతారిక. కావ్యాలకూ శతకాలకూ టీకా తాత్పర్యాలు రాసినవాళ్లు తెలుగునాట కోకొల్లలు. విమానం ఇంజనుకు మాత్రం ఎవరూ రాసిన పాపాన పోలేదు. ఇంగ్లీషు వికీపీడియాలో ఈ ఇంజన్లకు వందలకొద్దీ వ్యాసాలున్నాయి. 2001 జనవరిలో మొదలైన ఆ విజ్ఞానసర్వస్వంలో, మారుపేర్ల చాటున ఉండే స్వచ్ఛంద రచయితలు పైసా ముట్టకుండా తగవులాడుకుంటూ ఉంటారు. ఫలానా ఇంజను పొడి బరువు ఎంత? మొదటిసారి ఏ రోజున తిరిగింది? దాని పుటకు ఏ కంపెనీ పేరు పెట్టాలి? ఆ తగవుల్లో ఒక శాస్త్రం ఉంది. దాన్ని చూపించడానికి అక్కడి బాణీలోనే మూలవాక్యం ఒకటి కట్టి, పెద్దల పద్ధతిలో విప్పడమైనది.

మూలం. “రోల్స్-రాయిస్ మెర్లిన్ 27 లీటర్ల, 12 సిలిండర్ల, వీ ఆకారపు పిస్టన్ ఇంజను. రెండో ప్రపంచ యుద్ధపు ఇంజన్లన్నిటిలోకీ నమ్మకమైనది ఇదే.[ఆధారం చూపాలి]”

ప్రతిపదార్థం. రోల్స్-రాయిస్ = ఆ పేరుగల ఇంగ్లండు కంపెనీ చేసినట్టిది. పామరులు ఇంతటితో ముందుకు సాగిపోతారు, పండితులు ఇక్కడే చతికిలబడతారు. మెర్లిన్ విషయంలో చిక్కు లేదు, పుట్టింటి పేరే చివరిదాకా నిలిచింది. ఒలింపస్ సంగతి చూడాలి. ఆ జెట్ ఇంజను 1950లో బ్రిస్టల్ కంపెనీలో మొదట తిరిగింది. 1959లో బ్రిస్టల్ ఇంజన్ల శాఖ ఆర్మ్‌స్ట్రాంగ్ సిడ్లీతో కలిసి బ్రిస్టల్ సిడ్లీ అయింది. 1966లో దాన్ని రోల్స్-రాయిస్ కొనేసింది. వల్కన్ బాంబరును మోసింది ఈ ఇంజనే. కాంకార్డ్‌ను మోసిన 593 రకానికి ఫ్రాన్సు దేశపు స్నెక్మా కూడా తోడుపడింది. ఇన్ని గోత్రాలు మారిన ఇంజనుకు పుట ఏ ఇంటిపేరున తెరవాలి? ప్రస్తుతం రోల్స్-రాయిస్ పేరునే ఉంది. పాత ఇంటిపేర్లతో వెతికినవారిని అక్కడికే తీసుకుపోవడానికి దారిమార్పు పుటలున్నాయి. పెగసస్ అయితే మరీ గడుసుది. 1930ల బ్రిస్టల్ పెగసస్ చక్రంలా సిలిండర్లు పేర్చిన పిస్టన్ ఇంజను. రోల్స్-రాయిస్ పెగసస్ హారియర్ విమానాన్ని నిట్టనిలువుగా పైకెత్తిన జెట్. మన నౌకాదళం 2016 దాకా నడిపిన సీ హారియర్లలో ఉన్నది ఈ రెండోది. ఇంటిపేరు విడిచి ఒంటి పేరు మీద వ్యాసం రాస్తే హారియర్‌కు బయిప్లేన్ ఇంజను తగిలించిన వాడవుతాడు.

మెర్లిన్ = మెర్లిన్ అనబడునట్టిది. ఆర్థర్ రాజు కొలువులోని మాంత్రికుడి పేరని చాలామంది అనుకుంటారు. కాదు, అది చిన్న జాతి డేగ. రోల్స్-రాయిస్ తన పిస్టన్ ఇంజన్లకు వేటపక్షుల పేర్లు పెట్టేది: కెస్ట్రెల్, పెరిగ్రిన్, వల్చర్. జెట్ల కాలం వచ్చాక నదుల వరస పట్టింది: వెలండ్, డెర్వెంట్, నీన్, ఏవన్, ట్రెంట్.

పక్షులూ నదులూ తక్కువపడ్డాయో ఏమో, పెట్టిన పేర్లే మళ్లీ పెట్టారు. మొదటి ఈగిల్ 1915 నాటిది. 1919లో ఆల్కాక్, బ్రౌన్‌లు ఎక్కడా ఆగకుండా అట్లాంటిక్ దాటిన విమానానికి అలాంటివి రెండున్నాయి. 1940ల్లో వచ్చిన మరో ఈగిల్‌కు 24 సిలిండర్లు, పాతదానితో ఏ చుట్టరికమూ లేదు. మొదటి ట్రెంట్ 1945 సెప్టెంబరులో మీటియర్ విమానానికి అమర్చి ఎగరేసిన టర్బోప్రాప్. ఆ రకం ఇంజనుతో ఎగిరిన విమానాల్లో ప్రపంచంలో అదే మొదటిది. 1960ల్లో రెండో ట్రెంట్ కాగితాలు, పరీక్షలు దాటి పెద్దగా ముందుకు పోలేదు. ఇప్పుడు ఎయిర్‌బస్ ఏ380లకూ బోయింగ్ 787లకూ కనబడే ట్రెంట్ మూడోది. సంస్కృత కవుల్లో కాళిదాసులు ఎందరని వాదులాడిన జాతికి ఈ సమస్య కొత్త కాదు. వికీపీడియా పరిష్కారం సాదాసీదాగా ఉంటుంది: పేరు పక్కన సంవత్సరమో రకం సంఖ్యో వేసి, ముందు ఒక అయోమయ నివృత్తి పుట నిలబెడతారు. మన కావేరి ఇంజను కూడా నది పేరుదే. 1989లో మంజూరై, 2008లో తేజస్ పథకం నుంచి విడివడ్డ ఆ బెంగళూరు ఇంజను వ్యాసానికి తయారీ సంస్థ పేరు, జీటీఎక్స్-35వీఎస్ అనే సంకేతం, చివర కావేరి కలిపి ఇంత పొడుగు శీర్షిక పెట్టారు. కావేరి అని వెతికినవారికి ముందు నదే దొరకడం న్యాయం.

27 లీటర్ల = సిలిండర్ల లోపలి చోటు అంతటి కొలత గలది. ఇక్కడ శిష్యుడు శంకించాడు.

“గురువుగారూ, నేను చదివిన పుస్తకంలో సిలిండరు వ్యాసం 5.4 అంగుళాలు, పిస్టను కదిలే దూరం 6 అంగుళాలు అని మాత్రమే ఉంది. లీటర్లు నేనే లెక్కగట్టి రాస్తే సొంత కల్పన అవుతుందేమో కదా?”

“కాదు నాయనా. కూడికలూ గుణకారాలూ చేసుకోవచ్చని అక్కడి నియమమే ఒప్పుకుంటుంది. పన్నెండు సిలిండర్లకూ హెచ్చవేసి చూడు, 1,649 ఘనపుటంగుళాలు వస్తుంది. అంటే 27 లీటర్లు. లెక్క ఎవరు చేసినా అదే రావాలి. ఎవరు చేస్తే వారికి తోచినట్టు వచ్చేదైతే అది లెక్క కాదు, అభిప్రాయం.”

ఆ 1,649నే డెట్రాయిట్‌లోని పాకర్డ్ కార్ల కంపెనీ లైసెన్సు మీద మెర్లిన్లు చేసినప్పుడు అమెరికా వాళ్లు దగ్గరి పదికి సవరించి వీ-1650 అని పేరు పెట్టుకున్నారు. వాళ్లకు డేగలూ నదులూ అక్కర్లేదు, ఆకారానికి ఒక అక్షరం, పక్కన ఘనపుటంగుళాలు ఉంటే సరి. ఆర్-1820, ఆర్-2800 కూడా అంతే. ఇలాంటి పేరు పెట్టిన పుణ్యాత్ములకు విజ్ఞానసర్వస్వాలు రుణపడి ఉన్నాయి, శీర్షికలోనే సగం పట్టిక నిండిపోతుంది.

అశ్వశక్తి దగ్గర మాత్రం చాలామంది జారిపడ్డారు. జర్మన్ల డీబీ 605 ఇంజను తొలి రకానికి 1,475 అని వాళ్ల కాగితాల్లో ఉంటుంది. దాన్ని యథాతథంగా ఇంగ్లీషు పట్టికలోకి దింపేస్తే తప్పు. జర్మన్ అశ్వశక్తి 735.5 వాట్లు, ఇంగ్లీషు వారిది 745.7. ఆ లెక్కన అది ఇంగ్లీషు గుర్రాల్లో 1,455 మాత్రమే. జర్మనీ గుర్రం కాస్త బక్కదన్నమాట. ఇరవై గుర్రాల తేడాకు ఇంత గొడవా అనేవారు, ఏ విమానం గొప్పదని ఆ రెండు సంఖ్యలను పక్కపక్కన పెట్టి పందాలు కాసేవాళ్లను చూడాలి.

పాఠాంతరం. మొత్తం మెర్లిన్లు ఎన్ని తయారయ్యాయి? ఒక పాఠం ప్రకారం సుమారు 1,50,000. మరో పాఠం ప్రకారం సుమారు 1,68,000. వ్యాఖ్యాతలు ఒక పాఠాన్ని ప్రక్షిప్తమని కొట్టేసే ముందు రెండు ప్రతులూ తిప్పి చూడాలి. పాకర్డ్ చేసిన 55 వేల పైచిలుకులో అమెరికా సైన్యం కోసం వీ-1650 పేరిట వెళ్లినవి దాదాపు 18 వేలు. ఒకరు వాటిని విడిచి లెక్కపెట్టారు, ఇంకొకరు కలిపి లెక్కపెట్టారు. రెండూ ఒప్పే. తప్పల్లా ఏ లెక్కో చెప్పకుండా సంఖ్యను ఒంటరిగా వదిలేసిన రచయితదే.

అన్వయం. వ్యాసం అమరికకు కూడా ఆచారం ఏర్పడింది. ముందు రూపకల్పన, అభివృద్ధి. తర్వాత రకాలు, ఏ విమానాలకు అమర్చారు, ఏ మ్యూజియంలలో ఉంది, చివర కొలతల పట్టిక. పిస్టన్ ఇంజను పట్టిక సూపర్‌చార్జరు, వాల్వుల సంగతి అడుగుతుంది. జెట్ పట్టిక కంప్రెసరు, టర్బైను, థ్రస్టు అడుగుతుంది. మెర్లిన్‌కు రకాలు మరీ పెరగడంతో వాటికి విడి జాబితా, పాకర్డ్‌కు విడి వ్యాసం కట్టారు. ఉమ్మడి కుటుంబం వేరుపడ్డట్టే, ఏ సామాను ఎవరి వాటాకు వెళ్లిందో మొదటి ఇంట్లో ఒక చీటీ పెట్టి మరీ పోయారు. అన్నిటికన్నా అనుమానించాల్సింది అడుగున ఉండే ‘పోల్చదగిన ఇంజన్లు’ అన్న వరస. మెర్లిన్ పక్కన ఆలిసన్ వీ-1710, డీబీ 601 కనిపిస్తాయి. పోల్చదగినవని ఎవరు పోల్చారు? ఆ వరసకు ఆధారం అడిగేవారు అరుదు.

నమ్మకమైనది = నమ్మదగినది. అన్నిటిలోకీ = దేనికన్నా? ఎవరి లెక్కలో? ఇక్కడ పడింది ఆ చిన్న కుండలీకరణం.

మెదక్ సీమలోని కొల్చారం వాడని చెప్పుకునే కోలాచల మల్లినాథసూరి, కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య మొదలుపెడుతూ రెండు ఒట్లు పెట్టుకున్నాడు: మూలం లేనిది ఒక్కటీ రాయనని, అక్కర్లేనిది ఒక్కటీ చెప్పనని. అయిదారు వందల ఏళ్ల తర్వాత వికీపీడియా పెట్టుకున్న నియమాలు వందల పుటలున్నా, ఇంజన్ల వ్యాసాలకు పనికొచ్చే సారం ఈ రెండొట్లే. ఆయన పాటించాడు, వీళ్లు పాటించని చోట కుండలీకరణం పెట్టుకుంటారు. అది కూడా నిజాయితీయే.

మొదటి ఒట్టు సంగతి. తర్కశాస్త్రంలో ప్రమాణాల వరసలో ముందుండేది ప్రత్యక్షం. ఈ శాస్త్రంలో ప్రత్యక్షం చెల్లదు. కోరాపుట్‌లో మిగ్ ఇంజన్లు విప్పి బిగించిన ఇంజనీరుకు, తన చేతుల మీదుగా పోయిన యంత్రం గురించి తెలిసినంత ఏ పుస్తకానికీ తెలియకపోవచ్చు. అయినా ఆయన ‘నేను చూశాను’ అని రాస్తే ఆ వాక్యం నిలవదు. అచ్చులో ఎక్కడైనా వస్తే, దాన్ని చూపి మరొకరు రాయవచ్చు. చెల్లేది శబ్దప్రమాణం ఒక్కటే, అదీ ఆప్తుడి మాట అయితేనే. ఇది అన్యాయమని వాదించేవారున్నారు. కానీ మారుపేరు వెనక ఉన్నది ఇంజనీరో, ఇంజను బొమ్మతో ఆడుకున్న కుర్రవాడో చదివేవాడు తేల్చుకునే దారి లేదు. ఆ దారి లేనంత కాలం ఈ కాఠిన్యమే మేలని వ్యాఖ్యాత మతం.

ఇక ఆప్తులెవరు? 1909 నుంచి వస్తున్న జేన్స్ వార్షిక గ్రంథం, బిల్ గన్‌స్టన్ ఇంజన్ల విజ్ఞానకోశం, బ్రిటిష్ పిస్టన్ ఇంజన్ల మీద లమ్స్‌డెన్ పుస్తకం ముందు వరసలో కూర్చుంటాయి. గన్‌స్టన్ పుస్తకం 1986 నుంచి కూర్పు మీద కూర్పు వచ్చింది, కూర్పు మారితే పుట సంఖ్యా మారుతుంది. కాబట్టి రచయిత పేరు, పుట ఇస్తే చాలదు, ఏ ఏటి కూర్పో చెప్పాలి. నేటి జెట్ ఇంజన్లకైతే అమెరికా, ఐరోపా విమానయాన నియంత్రణ సంస్థలు ఇచ్చే టైప్ సర్టిఫికెట్ డేటా షీట్లు ఉచితంగా దొరుకుతాయి. థ్రస్టు, బరువు, వేడి హద్దులు చూసుకోవడానికి వాటిని మించినవి లేవు. ‘ఫ్లైట్’ పత్రిక పాత సంచికలు ఒకప్పుడు నెట్లో ఉచితంగా ఉండేవి. వాటికి లంకెలు వేసుకున్న వ్యాసాలు ఎన్నో, ఆ భాండాగారం మూతపడ్డాక తెగిన లంకెలతో మిగిలాయి. సంచిక తేదీ, పుట రాసి పెట్టుకున్న వారు మాత్రం బతికిపోయారు, ఏదైనా గ్రంథాలయంలో కాగితం ప్రతి ఉంటుంది.

తయారీదారు మాట ఆప్తవాక్యమా? ప్రాట్ అండ్ విట్నీ కంపెనీ గద్ద బొమ్మ చుట్టూ తమవి నమ్మదగిన ఇంజన్లని చెక్కుకుంది. దాన్నిబట్టి ‘కంపెనీ అలా చెప్పుకుంటుంది’ అని రాయవచ్చు. ‘అవి నమ్మదగినవి’ అని రాయకూడదు. నమ్మకాన్ని కొలవలేమా అంటే, కొలిచారు. రెండింజన్ల విమానం, ఒక ఇంజను ఆగినా 180 నిమిషాల్లో ఏదో ఒక విమానాశ్రయం చేరేంత దూరం దాకా వెళ్లాలంటే, ఆ రకం ఇంజన్లు గాలిలో ఆగిపోవడం 1,000 ఇంజను గంటలకు 0.02 సార్లు మించకూడదని అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ 1980ల్లో హద్దు గీసింది. అంటే 50,000 గంటలకు ఒక్కసారి. విశేషణం ఉన్నచోట ఇలాంటి అంకె పెట్టగలిగితే కుండలీకరణం దానంతట అదే లేచిపోతుంది.

దోషప్రకరణం. తర్కంలో అన్యోన్యాశ్రయమని ఒక దోషం ఉంది: దీనికి అది ఆధారం, దానికి ఇది ఆధారం. వికీపీడియాలో ఎవరో ఆధారం లేకుండా ఒక మాట రాస్తారు. తొందరలో ఉన్న విలేఖరి దాన్ని వార్తలోకి ఎక్కిస్తాడు. మర్నాడు ఆ వార్తనే ఆధారంగా చూపి కుండలీకరణం తీసేస్తారు. 2011లో ఎక్స్‌కేసీడీ బొమ్మల కర్త రాండల్ మన్రో దీనికి ఇంగ్లీషులో కొత్త పేరే కట్టాడు. టోస్టరును కనిపెట్టాడని ఒక స్కాట్లండు వాడి కథను 2012లో సరదాకు చేరిస్తే, అది పుస్తకాల్లోకీ పత్రికల్లోకీ పాకి 2022 దాకా చలామణీ అయింది. టోస్టరుకే ఇంత గతి పడితే, ఎవరూ తలుపు తట్టని ఇంజను పుటల్లో ఏముందో చూడాల్సిందే.

రెండో ఒట్టు సంగతి. అక్కర్లేనిది చెప్పరాదు. ఇక్కడ తెలుగు పాఠకుడికి ఒక ఆశ పుడుతుంది. బ్రిటన్ వైమానిక దళంలో 152వ స్క్వాడ్రనుకు హైదరాబాద్ స్క్వాడ్రన్ అని పేరుండేది, నిజాం ఇచ్చిన విరాళానికి గుర్తుగా. దాని చిహ్నంలో నిజాం తలపాగా ఉండేది. 1940 బ్రిటన్ గగన యుద్ధంలో ఆ స్క్వాడ్రన్ నడిపినవి స్పిట్‌ఫైర్లు, వాటి గుండె మెర్లిన్. మరి మెర్లిన్ వ్యాసంలో హైదరాబాదు ఉండాలా? ఉండకూడదు. ఇంజను పుటలో విమానం పేరు వస్తుంది, విమానం పుటలో స్క్వాడ్రన్ వస్తుంది, స్క్వాడ్రన్ పుటలో నిజాం వస్తాడు. మూడు లంకెల దూరం. ఆ దూరం చెరిపేస్తే మెర్లిన్ వ్యాసంలో ఆ ఇంజను కొన్న ప్రతి దేశమూ తన తలపాగా తగిలించిపోతుంది. ఈ వ్యాఖ్యలో నిజాం ప్రస్తావన వచ్చిందంటే, ఇలాంటి వ్యాఖ్యకు ఆ ఒట్టు లేదు కనుక.

తాత్పర్యం. ‘రెండో ప్రపంచ యుద్ధపు ఇంజన్లన్నిటిలోకీ నమ్మకమైనది ఇదే’ అన్న ముక్క తీసేయాలి. మొదటి వాక్యం ఉంచి, పక్కన పుస్తకం, కూర్పు, పుట చేర్చాలి. 1933 అక్టోబరు 15న మొదట తిరిగిందని చేర్చదలిస్తే ఆ తేదీకి కూడా అంతే.

2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలోనూ ఎవరైనా రాయవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు. అటకమీద పాత జేన్స్ సంపుటమో, బెంగళూరు ఇంజన్ల ఫ్యాక్టరీ అచ్చేసిన కరపత్రమో ఉన్నవారు దుమ్ము దులిపి ఒక వాక్యానికి ఆధారం చేర్చండి. పుట సంఖ్య మరిచిపోవద్దు.