చేపలకు ప్రసూతి సెలవు

మన తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు మరబోట్ల వేట బంద్. చేపలు గుడ్లు పెట్టుకోవాలి కదా!

పెట్టాయి. పిల్లలూ అయ్యాయి.

62వ రోజు తెల్లారేసరికి దోమ కూడా దూరనంత సన్న కన్ను వలతో స్వాగతం.

ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల వరకు తెప్పలదీ నావలదే వేట అంటారు. మరబోటుకు లెక్కలు రావు పాపం.

పట్టిన పిల్లచేప ఎండి, పొడై, రొయ్యల మేతలో కలుస్తుంది. ఆ రొయ్య ఓడెక్కి అమెరికా పోతుంది.

పొదుపు పాఠం మాత్రం తెప్ప మీది ముసలాయనకే.

"తాతా! సముద్రాన్ని చూసి వాడుకోవాలి."

తాత ఖాళీ వల దులిపాడు.

"ఇంతకన్నా పొదుపెట్టాగో సెప్పి ఎల్లండి బాబూ!"