ఎకరాల లెక్కన కబాబ్

యాసంగి కోతలయ్యాక బాన్సువాడ చుట్టుపక్కల బాయికాడ దావత్‌కు పోయి చూడండి, మనవాళ్లకు నిప్పు దగ్గర జాగ్రత్త తెలియదని ఇంకెప్పుడూ అనరు. మూడు ఇటుకలు పేర్చి బొగ్గులు రాజేసే ముందే గడ్డివాము ఎంత దూరముంది, గాలి ఎటు కొడుతోంది, బకెట్‌లో నీళ్లున్నాయా అని పెద్దమనుషులు ఆరా తీస్తారు. సీకుకు గుచ్చిన కోడిముక్క ఓ పక్క మాడినా ఊరంతా చెప్పుకుంటారు మరి. దావత్ ముగిశాక అదే పెద్దమనుషుల్లో ఒకాయన చేతులు కడుక్కుని, జేబులోంచి అగ్గిపెట్టె తీసి, తన మూడెకరాల వరి కొయ్యకాళ్లకు అంటించి ఇంటిదారి పడతాడు. అక్కడ బకెట్ ఉండదు. గాలి సంగతి గాలే చూసుకోవాలి.

మంజీర మీద 1923లో మొదలుపెట్టి 1931కి కట్టిన నిజాంసాగర్ నీళ్లతో పండే పొలాలివి. బీర్కూర్, నస్రుల్లాబాద్, వర్ని, ఎటు చూసినా వరే. కాబట్టి పొయ్యి కూడా ఆ కొలతలోనే ఉంటుంది.

ఎందుకు కాలుస్తారయ్యా అంటే శాస్త్రం చెబుతారు. "బూడిద ఎరువైతది సారూ. పురుగు చస్తది. భూమికి బలం."

బూడిదలో పొటాష్ మిగిలే మాట నిజమే, గాలికి పక్కోడి మడిలో పడకపోతే. నత్రజని అలా కాదు, దాదాపు మొత్తం పొగలో కలిసిపోతుంది. టన్ను వరిగడ్డిలో సుమారు అయిదున్నర కిలోల నత్రజని ఉంటుంది. ఎకరానికి రెండు టన్నుల గడ్డి అనుకుంటే పదకొండు కిలోలు. నలభై అయిదు కిలోల యూరియా బస్తాలో ఉండేది ఇరవై కిలోల చిల్లర. అంటే ఎకరానికి అర బస్తా పైచిలుకు యూరియా ఆకాశానికి చల్లుతున్నాం. 2025 వానాకాలంలో ఇదే రాష్ట్రంలో ఒక్క బస్తా కోసం తెల్లవారకముందే లైన్‌లో చెప్పులు పెట్టి కాపలా కాశాం. ఆకాశానికైతే పాస్‌బుక్కు, ఆధార్ ఏమీ అడక్కుండా ఇచ్చేస్తాం. గడ్డిలోని నత్రజని యూరియాలా వారంలో పనిచేయదనే మేధావులూ ఉన్నారు. ఒప్పుకుంటా, మెల్లగా పనిచేస్తుంది. పొగ మాత్రం ఎంత ఆగినా పనిచేయదు.

పురుగు సంగతీ అంతే. కొయ్యల్లో దాక్కున్న కాండం తొలుచు పురుగు మంటకు కొంత చస్తుంది, అబద్ధమెందుకు. లోతుగా దున్నినా చస్తుంది. కాకపోతే మన పద్ధతిలో పురుగుతో పాటు దాన్ని తినే సాలెపురుగు, మట్టిని గుల్లచేసే వానపాము, గడ్డిలో గుడ్లు పెట్టుకున్న పిట్ట కలిపి వేగుతాయి. ఫుల్ ప్లేట్ అన్నమాట.

చలికాలం రాగానే టీవీలో ఢిల్లీ పొగ చూసి "పాపం, ఎట్ల బతుకుతున్నరో" అని జాలిపడేది కూడా మనమే. పంజాబ్ రైతుకైతే వరి కోతకూ గోధుమ విత్తుకూ మధ్య మూణ్నాలుగు వారాలే ఉంటాయి, ఆయన తొందరకు ఓ అర్థముంది. యాసంగి కోసి వానల కోసం ఎదురుచూసే మనకేం తొందర? మే నెలంతా భూమి ఖాళీగానే పడి ఉంటుంది. గడ్డిని మోపులు కట్టే మెషీన్లు వచ్చాయి, పాడి ఉన్నవాళ్లు కొనుక్కుపోతారు. మిగిలిన కొయ్యల మీద ఎకరాకు ఓ బస్తా సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ చల్లి నీళ్లు పెట్టి కలియదున్నితే తొందరగా కుళ్లుతుందని వ్యవసాయ అధికారులు ఏటా చెబుతూనే ఉన్నారు. డీజిల్ ఖర్చవుతుంది, అదీ నిజమే. అగ్గిపుల్ల చవక.

చవక మీ మడి వరకే. ఎండాకాలపు గాలికి హద్దురాయి కనబడదు. ఒడ్డు దాటితే గౌడన్నల ఈతవనం, ఆ పక్కన ఇంకా కోయని వరి, బోరు కాడ స్టార్టర్ డబ్బా, సర్వీసు వైరు, పైపులు. రోడ్డు వైపు తిరిగితే ఎదురొచ్చే బండి కూడా కనబడదు. మంట పక్క చేనికి పోతోందని ఆర్పబోయి, పొగలో దారి తెలియక తన పొలంలోనే ప్రాణం విడిచిన ముసలి రైతుల వార్తలు తెలంగాణ పేపర్లలో కొత్త కాదు. ఇక్కడ మాత్రం నాకు వెక్కిరింత రాదు.

మంట చేయి దాటాక 101 గుర్తొస్తుంది.

"ఎక్కడ?"

"పొగ చూసుకుంట వచ్చేయండి సార్."

"ఏ పొగ?"