కొత్త డిస్కు గండం

మా టీవీ కింద మూడు తరాల ప్లేయర్లు ఒకదాని మీద ఒకటి కాపురముంటున్నాయి. అడుగున వీసీడీ, దాని మీద డీవీడీ, నెత్తిన బ్లూ-రే. మూడింటిదీ ఒకటే నలుపు, ఒకటే దుమ్ము. వాటిలో వేసే బిళ్ళ కూడా ఒకటే కొలత, 12 సెంటీమీటర్లు. అయినా పైవాడు కిందివాళ్ళ డిస్కులు చాలావరకు చదివేస్తాడు గానీ, పైవాడిది కిందివాళ్ళకి కొరుకుడు పడదు.

కిటుకంతా చూపులో ఉంది. సీడీని చదివే లేజరు 780 నానోమీటర్లది, డీవీడీది 650, బ్లూ-రేది 405. బిళ్ళ పెరగలేదు, దాని మీది రాత తరతరానికీ సన్నబడింది. మా వీసీడీ ప్లేయర్లో బ్లూ-రే డిస్కు పెట్టడమంటే, కళ్ళజోడు లేని తాతయ్యకి మందు సీసా మీది సన్నక్షరాలు చూపించడమే. ఇందులో ఎవర్నీ తిట్టడానికి లేదు.

తిట్టాల్సినవి వేరే ఉన్నాయి. డీవీడీల రోజుల్లో మా బావమరిది డల్లాస్ నుంచి వస్తూ ఓ ఇంగ్లీషు సినిమా తెచ్చాడు. పెట్టగానే ప్లేయరు "రీజియన్ ఎర్రర్" అంది. చదవలేక కాదు, చదవకూడదట! ప్రపంచాన్ని వాటాలేసి అమెరికాకి 1, మనకి 5 అని నంబర్లు పంచారు. ఒకటో నంబరు డిస్కు ఐదో నంబరు ప్లేయర్లో ఆడరాదు.

"మనిషికి వీసా అంటే సరే, బిళ్ళక్కూడానా బావా?" అన్నాడు పాపం.

బ్లూ-రే వచ్చాక ఇంకో మెట్టెక్కాం. అంతకుముందు ఏడు భేషుగ్గా ఆడిన ప్లేయరు, ఆ ఏడు కొన్న డిస్కుని చూసి "అప్‌డేట్ చేయండి" అంది. డిస్కూ బ్లూ-రేయే, ప్లేయరూ బ్లూ-రేయే. దొంగ కాపీలు తీయకుండా కొత్త డిస్కులకి కొత్త తాళాలు వేస్తారు. పాత ప్లేయరు దగ్గరుండేవి పాత తాళంచెవులు. కొత్తవి వెబ్‌సైట్లోంచి పెన్‌డ్రైవ్‌లోకి దించి దానికి పట్టాలి. పట్టాం. తెర మీద హెచ్చరిక వెలిగింది: "పూర్తయ్యేదాకా కరెంటు తీయరాదు."

తీయడానికి మేమెవరం? ఆ ముక్క సబ్‌స్టేషన్ వాళ్ళకి చెప్పాలి. అసలే నడివేసవి మధ్యాహ్నం. అంకె నలభై శాతం దగ్గర నిలబడిపోతే, ఇంటిల్లిపాదీ టీవీ వదిలేసి ఫ్యాను రెక్కల వంక చూస్తూ కూర్చున్నాం.

ఆ గండం గడిచింది. ఆ పైఏడు మరో కొత్త డిస్కు తెస్తే, మా మోడలుకి ఇక అప్‌డేట్లు లేవన్నారు. షాపతను విప్పి, ఊది, తుడిచి చూసి తేల్చేశాడు: "మీ ప్లేయర్‌కేం సార్, బ్రహ్మాండంగా ఉంది. కొత్తది కొనేయండి."

పక్కింటాయనకి ఈ బాధల్లేవు. ఆయన డిస్కులన్నీ కోఠి ఫుట్‌పాత్ సరుకు. మధ్యమధ్య ముందు వరుసవాడి తల అడ్డొస్తుంది, ఎవరో దగ్గుతారు, అంతే. ఆ డిస్కులు దేశమేదని అడగవు, అప్‌డేట్ అడగవు. తాళాలన్నీ దొంగల కోసమే వేశారు. దొంగ ఆ గుమ్మం వైపే రాడు. అక్కడ నిలబడి జేబులు తడుముకునేది, బిల్లు కట్టి రసీదు దాచుకున్న మనబోటివాళ్ళమే.