బట్టతల కొలతలు

మా అపార్టుమెంటు సెల్లార్లో ప్రతి ఆదివారం బొమ్మల క్లాసు చెబుతాను. ఫీజు లేదు. అందుకని ఐదంతస్తుల్లోని తల్లులూ నమ్మకంగా పిల్లల్ని పంపేస్తారు. ఆ రెండు గంటలూ వాళ్ళకి సెలవు. తొమ్మిది మంది పిల్లలు, ఒక రిటైర్డు బ్యాంకు మేనేజరుగారు, వెరసి పదిమంది నా శిష్యగణం.

మొదటిరోజు "ఒక మనిషి బొమ్మ వెయ్యండి" అన్నాను. వేశారు. పదిమంది మనుషులూ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు, తనిఖీకి డీఈవోగారు వచ్చినప్పటి అయ్యవార్లలాగా. ఒక్కడు మాత్రం తెలివిగా రెండు చేతులూ జేబుల్లో పెట్టించాడు. ఆ మనిషికి కట్టించింది లుంగీ.

నవ్వుదామంటే నాకు మొహం చెల్లలేదు. పాతికేళ్ళ వయసులో ఒక వారపత్రిక కథకి బొమ్మ వేసి పట్టుకెళ్ళాను. హీరోయిన్ పూలకుండీ వెనక, హీరో కారు తలుపు వెనక. ఎడిటర్‌గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు. "కథలో వీళ్ళు పెళ్ళిపీటల మీద ఉన్నారు కదయ్యా, మధ్యలోకి కారెలా వచ్చింది?" అన్నారు. నేను నీళ్ళు నమిలాను. "తాళి కట్టేది చేతులతోనే" అని బొమ్మ నా చేతిలో పెట్టేశారు. చేతులు గీయడం రానివాడికి పూలకుండీలు మాత్రం మహా బాగా వస్తాయి. ప్రాక్టీసు అలాంటిది మరి.

సరే, చేతులకంటే ముందు మొహం సంగతి చూడాలి. పిల్లలంతా కళ్ళని తీసుకెళ్ళి నుదుటి మీద పెట్టారు. కళ్ళు తలకి సరిగ్గా సగంలో ఉంటాయంటే ఒక్కరూ నమ్మలేదు. "పైన ఉంటాయి కదంకుల్, మధ్యలో ఎందుకుంటాయి?" అని మూడో ఫ్లోరు పిల్ల నిలదీసింది. జుట్టు మొదలైన చోట తల అయిపోయిందనుకోవడమే అసలు తప్పు. దీన్ని రుజువు చెయ్యడానికి నన్ను మించిన నమూనా ఆ సెల్లార్లో లేదు. కుర్చీలో కూర్చున్నాను. నడినెత్తి మీద ఒక అట్ట, గడ్డం కింద ఇంకో అట్ట పెట్టి, స్కేలుతో కొలిచారు. 23 సెంటీమీటర్లు. గడ్డం నుంచి కంటిదాకా పదకొండున్నర. క్లాసంతా నిశ్శబ్దం. తర్వాత ఒక్కొక్కరూ వచ్చి సొంతంగా కొలుచుకున్నారు. గుర్తుకోసం స్కెచ్ పెన్నుతో గీతలూ పెట్టుకున్నారు. ఆ రాత్రి భోజనాల దగ్గర మా ఆవిడ "కణత మీద ఆ నామాలేంటండీ?" అంది.

నిలువెత్తు మనిషంటే సుమారు ఏడున్నర తలలు. పసిపిల్లలకి నాలుగు చాలు. అందుకే పెద్దవాళ్ళ కొలతలతో చిన్నపిల్లల్ని గీస్తే మరుగుజ్జు మేనమామల్లా కనిపిస్తారు. మన శిల్పులు ఈ లెక్కలు ఎప్పుడో కట్టారు. ముఖం పొడవు ఒక తాళం, తాళానికి 12 అంగుళాలు, నవతాళం బొమ్మకి మొత్తం 108 అని చెప్పానో లేదో, మేనేజరుగారు చెయ్యెత్తారు. "108 అంగుళాలంటే తొమ్మిదడుగులండీ. మా హాల్లో సీలింగే పదడుగులు. ఫ్యానెక్కడ పెట్టను?" ఆ అంగుళం టేపులోది కాదని, బొమ్మని బట్టి మారుతుందని చెప్పేసరికి పావుగంట పట్టింది. వడ్డీ లెక్కల మనిషి, కొలత మారుతుందంటే ఒప్పుకోరు.

ఇక చేతులు. నా దగ్గరున్న చిట్కా ఒక్కటే: చేతికి పని పెట్టండి. ఊరికే వేలాడే చెయ్యి గీయడం మహామహులకే కష్టం. చందమామలో శంకర్‌గారు గీసిన విక్రమార్కుణ్ణి గుర్తు తెచ్చుకోండి. భుజాన శవం, చేతిలో కత్తి. మొహం మీద సిరా ఒలికిపోయినా ఆయనెవరో చెప్పేస్తాం. బాపుగారి బొమ్మల్ని కాపీ కొట్టని తెలుగువాడు ఉంటాడా? నేనూ కొట్టాను. జడ వచ్చింది, కళ్ళు వచ్చాయి, మనిషి మాత్రం రాలేదు. ఆయన మనుషులు ఎప్పుడూ ఏదో ఒకటి చేస్తూ ఉంటారు. నేను జడ చూశాను, పని చూడలేదు.

అందుకని పిల్లల్ని మా సెల్లార్లోనే ఉన్న ఇస్త్రీ బండి దగ్గరికి తీసుకెళ్ళాను. బొమ్మకి ఒక్క నిమిషమే టైము, రబ్బరు ముట్టుకోకూడదు. పెట్టె ముందుకు తోసినప్పుడు కుడి భుజం దిగుతుంది, ఎడమచెయ్యి బట్ట కొసని లాగిపడుతుంది, వెనకకాలి మడమ లేస్తుంది. ఆ వంపు ఒక్క గీతలో పడితే చాలు, ముక్కూ చెవులూ రేపు పెట్టుకోవచ్చు. మూడు బొమ్మలదాకా బ్రహ్మాండంగా సాగింది. నాలుగోసారికి, తనని గీస్తున్నారని ఇస్త్రీ ఆయన గమనించాడు. ఫొటోకి నిలబడినట్టు నిటారుగా, కదలకుండా నిలబడిపోయాడు. పెట్టె కింద మేనేజరుగారి చొక్కా ఉంది.

చొక్కా పోయింది కానీ, బొమ్మలకి చేతులొచ్చాయి. మూడో ఫ్లోరు పిల్ల వేసిన చేతికి ఆరు వేళ్ళున్నా పెట్టెని గట్టిగానే పట్టుకున్నాయి. నేను దిద్దలేదు.

వచ్చే ఆదివారం పక్కచూపు మొహం పాఠం. మీ ఇంట్లో బట్టతల ఉన్న పెద్దమనిషి ఎవరైనా ఉంటే పది గంటలకల్లా పంపించండి. నా తల మీద గీతలు పెట్టడానికి ఇంక చోటు లేదు.