రాకాసి బొక్కలకు పట్టా ఎవరి పేరు మీద?

2024 జూలైలో న్యూయార్క్‌లో సోథ్‌బీస్ వాళ్ళు ఒక స్టెగోసారస్ అస్థిపంజరాన్ని వేలంపాటలో పెడితే 4 కోట్ల 46 లక్షల డాలర్లకు పోయింది. మన లెక్కలో 370 కోట్ల రూపాయల పైమాటే. కొన్నాయన పేరు కెన్ గ్రిఫిన్, పెట్టుబడుల వ్యాపారి. తంగళ్ళపల్లి చాయ్ హోటల్లో ఈ సంగతి చెప్పగానే సాంచాలు నడిపే తమ్ముడొకడు సాసర్ కింద పెట్టి, "గట్లయితె మానేరు పొంట తవ్వుదమా సారూ?" అన్నాడు.

దొరకవు తమ్మీ. మన కింద ఉన్నది గ్రానైటు. దాని వయసు 200 కోట్ల ఏండ్ల పైనే. అది గట్టిపడ్డనాటికి బొక్కలున్న జీవమే భూమ్మీద లేదు. దొరకకపోవడమే మంచిదైంది. దొరికుంటే అన్నదమ్ముల పంపకాల్లో పెద్దోడికి తొడబొక్క, చిన్నోడికి తోక, ఆడిబిడ్డకు రెండు పండ్లు వచ్చేవి. మిగిలిన గుంతను చదును చేసి 'జురాసిక్ ఎన్‌క్లేవ్' పేరుతో ప్లాట్లు కొట్టేవాళ్ళు. ధరణి పోయి భూభారతి వచ్చింది గానీ, 18 కోట్ల ఏండ్ల కిందటి పట్టాదారును ఏ కాలమ్‌లో రాయాలో తహసీల్దారుకూ తెలియదు.

విచిత్రం వినండి. కరీంనగర్ టాన్ బ్రౌన్ గ్రానైట్ దిమ్మె ఒకటి రోడ్డెక్కాలంటే లీజు కావాలి, సీనరేజి కట్టాలి, పర్మిట్ చూపాలి. అదే లారీలో రాక్షసబల్లి తొడబొక్క పోతుంటే ఆపి అడగడానికి దేశంలో ప్రత్యేక చట్టమే లేదు.

బొక్కలు నిజంగా ఉన్నది ప్రాణహిత వైపు. ఉమ్మడి ఆదిలాబాద్‌లోని యామన్‌పల్లి దగ్గర భారత భూవిజ్ఞాన సర్వే వాళ్ళు తవ్వితే 840 ఎముకలు బయటపడ్డాయి. లెక్క చూస్తే కనీసం 12 జంతువులవి. 1988లో పి. యాదగిరి ఆ జాతికి 'కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్' అని పేరు పెట్టారు. దాని అస్థిపంజరమే హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడి ఉంది. రెండు పండ్లు తప్ప దాని తలకాయ దొరకలేదు. అక్కడ మీరు చూసే తల మనిషి చేసి పెట్టిందే. సొంత తల లేకుండా హైదరాబాద్‌లో నిలదొక్కుకున్నది కోటాసారస్ ఒక్కటే అనుకోకండి.

జక్లపల్లి, నంబాల ఊళ్ళ పేర్లు కూడా 2011లో జక్లపల్లిసారస్, నంబాలియా అనే డైనోసార్ల పేర్లై ప్రపంచానికి తెలిశాయి. ఆ ఎముకలు కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. లెక్కలు చెప్పే సంస్థ డైనోసార్లను సాకడమేమిటని నవ్వొచ్చినా, నాకు దానిమీద ఫిర్యాదు లేదు. దశాబ్దాల కింద అన్నారం దగ్గర ఏరి తెచ్చి అక్కడ దాచిన ఎముకల్ని మళ్ళీ పరిశీలిస్తేనే కదా 2025లో 'మలేరిరాప్టర్' అనే కొత్త జంతువు తేలింది! అది ఒక సేటు హాల్లో సోఫా పక్కన ఉండుంటే? తాళంచెవి సేటు జేబులో, శాస్త్రవేత్త గేటు బయట. ఈరోజు ఒకరు కొలిచింది రేపు ఇంకొకరు సరిచూడలేకపోతే అది శాస్త్రం కాదు, సేటు చెప్పిన ముచ్చట.

2020లో 'స్టాన్' అనే టి-రెక్స్ 3 కోట్ల 18 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. ఎక్కడికి పోయిందో లోకానికి ఏడాదికి పైగా తెలియలేదు. 2022లో అబుధాబి మ్యూజియం దగ్గర తేలింది. గ్రిఫిన్ మాత్రం తన స్టెగోసారస్‌ను అమెరికాలోని ఒక మ్యూజియానికి అరువిచ్చాడు. సంతోషం. అరువంటే గడువు కూడా ఉంటుంది మరి.

మధ్యప్రదేశ్ ధార్ జిల్లా పాడ్‌ల్యా రైతులు పొలాల్లో దొరికిన గుండ్రాళ్ళను 'కాకర్ భైరవ్' అని తరతరాలుగా మొక్కారు. తీరా చూస్తే అవి డైనోసార్ గుడ్లు. కొబ్బరికాయ కొట్టారు గానీ వేలానికి పెట్టలేదు పాపం, వాళ్ళకు వ్యాపారం తెలియదు!

ఇలాంటి వాటి రక్షణకు కేంద్ర గనుల శాఖ 2022 డిసెంబర్‌లో ఒక బిల్లు ముసాయిదా బయటపెట్టి అభిప్రాయాలు అడిగింది. ముసాయిదా ఇంకా ముసాయిదాగానే ఉంది. ఎంపీ సార్లకు మనవి: దాన్ని దులిపి చట్టం చేయండి. అసలు బొక్కలు పరిశోధకులకు తలుపు తెరిచే మ్యూజియంలోనే ఉండనీయండి. యామన్‌పల్లి బడికి మాత్రం ఒక నకలు చేయించి పంపండి. తల ఎలాగూ తయారుచేసిందే కాబట్టి, రెండోది చేయడానికి పెద్ద ఖర్చేమీ కాదు.