ఇంటి మిషను పద్యానికి టీకా తాత్పర్యం

మూలం:

ఇంట మిషను కొనగ నెంచెడి వేళలో
గుడ్డ చూడవలయు, కుట్టు వెనుక;
బాగుచేయువాడు పక్క వీధిని లేక
పెట్టె తెరువబోకు, బిల్లు వలదు!

అవతారిక: కొత్త కుట్టు మిషను కొనబోయే ఇంట ముందు పుట్టే ప్రశ్న "ఎన్ని రకాల కుట్లు పడతాయి?" అనేది. అట్టపెట్టె మీద అచ్చేసిన పూల తీగలూ బాతు బొమ్మలూ చూసి మనసు పారేసుకున్న గృహస్థులను వారించడానికి ఈ ఆటవెలది పుట్టింది.

ప్రతిపదార్థం: ఇంటన్ = ఇంటిలో, అనగా దర్జీ కొట్టులో కాదు. పొద్దస్తమానం ఆడే జుకీ మిషన్లకు ఈ పద్యంలో చోటు లేదు. మిషను = కుట్టు మిషను. "ఆవిడ మిషను కుడుతుంది" అంటే మిషనుకే కుట్లు వేస్తోందని తెలుగునాట ఎవరూ అపార్థం చేసుకోరు. కొనగన్ ఎంచెడి వేళలో = కొనాలని తలపెట్టినప్పుడు. వేళ అంటే పండుగ ఆఫర్ల వేళ అని కొందరు చెప్పే అర్థమూ గ్రాహ్యమే. గుడ్డ చూడవలయు = ఆ ఇంట్లో కుట్టబోయే బట్ట ఏదో ముందు చూసుకోవాలి. కుట్టు వెనుక = కుట్ల రకాలు తర్వాతి సంగతి.

ఇక్కడ శ్లేష ఉంది. కుట్టుకు వెనుక వైపు చూడాలని కూడా అర్థం చెప్పుకోవచ్చు; కొనేవారికి ఎక్కువ పనికొచ్చేది ఈ రెండో అర్థమే. పై దారం, బాబిన్ దారం గుడ్డ మందం మధ్యలో ఒకదాన్నొకటి పట్టుకోవాలి. దుకాణంలోనే పైన ఎర్ర దారం, కింద తెల్ల దారం వేయించి, ఇంటి నుంచి తెచ్చిన ముక్క మీద కుట్టించి, తిరగేసి చూడాలి. తెలుపు పైకి చుక్కలు చుక్కలుగా కనిపిస్తే పై టెన్షన్ ఎక్కువైనట్టు. అడుగున ఎరుపు ఉంగరాల్లా వేలాడితే పై దారం వదులు; లేదా పాదం దించేసి దారం ఎక్కించారు, అది టెన్షన్ రేకుల మధ్యకు దిగనే లేదు. రెండో తప్పు మిషనుది కాదు.

రెండు దారాల ఈ కుట్టుకు అమెరికాలో ఇలయాస్ హోవ్ 1846లో పేటెంటు పొందాడు. 1851లో ఐజాక్ సింగర్ తన మిషనుకు పొందాడు. యంత్రాలను అంతగా మెచ్చని గాంధీ 1924లో సింగర్ మిషనును మాత్రం మినహాయించాడు. భార్య కష్టం చూడలేక సింగర్ దాన్ని చేశాడని ఆయన నమ్మకం. సింగర్ సంసారాల సంఖ్య తెలిసిన వ్యాఖ్యాతలు ఈ చోట మౌనం వహిస్తారు.

తాత్పర్యం: ఇంటికి వచ్చే పని చీర ఫాల్సు, లైనింగ్ జాకెట్టు, దిండు గలీబులు, జేబు చిరిగిన స్కూలు నిక్కరు, పొడవు తగ్గించాల్సిన జీన్సు. పలుచని చీరకు 11 నంబరు సూది, మామూలు నూలు గుడ్డకు 14, జీన్సుకు 16 కావాలి. అసలు పరీక్ష జీన్సు అంచు దగ్గరే. పక్క కుట్టు మీదికి వచ్చేసరికి పొర మీద పొర గుట్టలా లేస్తుంది. తేలికపాటి మిషను అక్కడ మూలిగి ఆగిపోతుంది. నల్లటి ఇనుప కాళ్ళ మిషను ఎక్కి దిగుతుంది, కానీ తిన్నని కుట్టు తప్ప మరోటి ఎరగదు. కాజాలు, సాగే బనియన్ గుడ్డ, చీర కొంగుకు పీకో లాంటి అంచు కావాలంటే జిగ్‌జాగ్ పడే కరెంటు మిషను తీసుకోవాలి. సాదా, జిగ్‌జాగ్, కాజా ఈ మూడూ చాలు. బాతు బొమ్మలు మొదటి వారం ఒక రుమాలెక్కి ఆపై కనిపించవు.

పూర్వపక్షం: స్టేప్లర్ అంత ఉండే చేతి మిషను చవక కదా? సమాధానం: అది ఒకే దారంతో వేసే గొలుసు కుట్టు. బియ్యం బస్తా మూతి కొస పట్టి లాగితే సర్రున విడిపోయేది ఇదే. బస్తాకు అది గుణం, జాకెట్టుకు దోషం.

మూడో పాదం: కాళ్ళ మిషను తోలు బెల్టు సాగితే కొంచెం కోసి కొక్కెం మళ్ళీ గుచ్చడం ఇంటివారి పనే. షటిల్ టైమింగ్ అలా కాదు. దిగిన సూది పైకి లేవబోతుండగా దారం చిన్నగా ఉబ్బుతుంది. షటిల్ ముక్కు సరిగ్గా ఆ ఉబ్బులో దూరాలి. వెంట్రుకవాసి తప్పినా కుట్టు పడదు. దానికి మెకానిక్కే దిక్కు. 'పక్క యూరిని' అనే పాఠాంతరం అమ్మకందారులది. ఛందస్సుకు భంగం లేదు గానీ, మిషను తల సంచిలో పెట్టుకుని బస్సెక్కినవారు దాన్ని ఒప్పుకోరు.

బిల్లు వలదు = బిల్లు వేయించవద్దు, అనగా కొనవద్దు. బిల్లు లేకుండా కొనమని చెప్పే వ్యాఖ్య ఒకటి కొన్ని దుకాణాల్లో ప్రచారంలో ఉంది. ఆ అర్థం తీసుకున్నవారి వారంటీ కార్డు మీద ముద్ర పడదు.